దీపాల మనిషి జేబు

ఇస్త్రీపెట్టె కాలరు దాటి భుజం మీదికి వచ్చింది. ఆమె నాలుగు నీటి చుక్కలు చిలకరించి, మడత లాగి, మళ్లీ రుద్దింది. ఖాకీ చొక్కా అది. తొడుక్కునే అవసరం లేదు. నాన్న కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరై రెండేళ్లయింది. అయినా ప్రతి ఆదివారం ఆ చొక్కా ఇస్త్రీ కావాల్సిందే, తిరిగి మేకుకు ఎక్కాల్సిందే.

ఎడమ జేబు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి దానంతటదే ఆగింది. లోపల ప్లాస్టిక్ కవరులో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని తీసి పక్కన పెట్టాలి, జేబు రుద్దాలి, మళ్లీ లోపల పెట్టాలి. విప్పి చూడకూడదు. బళ్లో చదివే రోజుల్లో ఒకసారి అడిగితే "పాత కాగితం, నీకెందుకమ్మా" అన్నాడు నాన్న. ఆ గొంతు విన్నాక ఆమె మళ్లీ అడగలేదు.

"కానియ్యవే పిల్లా, మొదలైపోతోంది," హాల్లోంచి మేనత్త కేకేసింది. "ఆ చొక్కాకేమన్నా ప్రమోషన్ వచ్చిందా ఏం, అంతసేపు రుద్దుతున్నావు?"

ఆమె ఇస్త్రీపెట్టె ఆపి హాల్లోకి వచ్చింది. బయట వాన. గోడ మీది చెమ్మ ఈ వారం కిటికీ దాకా ఎక్కింది. టీవీలో 'గాజుకప్పు' మొదలైంది.

ఎక్కడో దూరపు గ్రహం. గాలి లేదు, ఎండ లేదు. ఊరంతటి మీదా ఒక గాజుకప్పు, దాని కింద సందులు, సందుసందుకీ దీపాలు. దీపాల శాఖ చెప్పిందే శాసనం. ఏ సందువాళ్లు ఎక్కువ ప్రశ్నలు అడుగుతారో ఆ సందులో దీపాలు ఆరిపోతాయి. ఆర్పడానికి ఒక మనిషి వస్తాడు, నిచ్చెన భుజాన వేసుకుని. అతనికి పేరు లేదు. దీపాల మనిషి.

మేనత్త హీరో జుట్టు కోసం చూస్తుంది. మేనకోడలు ప్రతి మాటా పట్టి పట్టి వింటుంది. నాన్న పేముకుర్చీలో కాళ్లు చాపుకుని చూస్తాడు. దీపాల మనిషి నిచ్చెన వేసినప్పుడు మాత్రం మంచినీళ్లకి లేస్తాడు. ప్రతివారం అక్కడే దాహం వేస్తుంది. ఆమె అన్నీ గమనించే పిల్ల. అదొక్కటే గమనించలేదు.

సోమవారం ఆమె పనిచేసే డీటీపీ సెంటరుకి ఒకతను తడుస్తూ వచ్చాడు. చొక్కా లోపల దాచుకున్న కాగితాల కట్ట తీసి కౌంటరు మీద పెట్టాడు.

"అర్జంటండీ. చేతిరాత కొంచెం ఇదిగా ఉంటుంది..."

"కొంచెమా," అంది ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి. "కోడి గీరినట్టుంది."

"వాన్లో తడిసిందండి."

"తడవని పేజీ కూడా ఇలాగే ఉంది."

అతను నవ్వి, తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె టైపు చేయడం మొదలుపెట్టింది. మూడో లైనులో వేళ్లు ఆగిపోయాయి. దీపాల మనిషి నిచ్చెన ఎక్కుతాడు, అని ఉంది.

"ఇది గాజుకప్పు కదా. ఎక్కణ్ణుంచి కొట్టుకొచ్చారు?"

"నేనే రాస్తానండి దాన్ని."

"పేర్లు చివరిదాకా చూస్తాను నేను. అందులో ఎవరు మీరు?"

"ఆఖరి పేరు. అది వచ్చేసరికి సబ్బు ప్రకటన వేసేస్తారు."

ఆమె నమ్మలేదు. "అయితే ఇది చెప్పండి. నాలుగో ఎపిసోడ్‌లో ఎనిమిదో సందులో దీపాలన్నీ తీసేశారు. ఆరో ఎపిసోడ్‌లో అదే సందులో ముసలాయన పుస్తకం చదువుతున్నాడు. ఏ వెలుగులో చదివాడు?"

అతను తల గోక్కున్నాడు. "తప్పు దొర్లింది. ఎవరికీ తట్టలేదు. ఒక్కావిడకి తప్ప. అభిమానుల పేజీలో ఏడో దీపం అనే పేరుతో రాస్తుంది. మీకు తెలుసా?"

ఆమె తెరలోకి తల దూర్చింది. "విన్నాను."

"నెలన్నరగా ప్రతి సోమవారం ఆవిడ రాసింది చదివాకే నాకు టీ దిగుతుంది. నేను దాచిపెట్టిందల్లా దొరకబుచ్చుకుంటుంది. ఎవరో గాని, కనిపిస్తే పెళ్లి చేసుకుందామా అని అడిగేస్తాను."

"ఆవిడకి అరవై ఏళ్లుంటే?"

"తెలుగు చూస్తే అలా లేదండి."

ఆమె మూడు తప్పులు వరసగా కొట్టింది. ఏడో దీపం ఆమే.

అప్పట్నించి అతను ప్రతివారం వచ్చేవాడు. ఆమె అతన్ని రైటరుగారూ అనేది. అతను టైపిస్టుగారూ అనేవాడు. పనయ్యాక కూడా వాన తగ్గలేదన్న వంకతో స్టూలు మీద కూర్చునేవాడు. వాన తగ్గినా, ఇంకా తగ్గలేదనే అనేవాడు. ఆమె కిటికీలోంచి పొడి రోడ్డు చూసి, అవునండీ, అనేది.

ఛానలు వాళ్లు చూసి తిప్పి పంపిన పేజీలు కూడా ఆమె దగ్గరికే దిద్దుబాటుకి వచ్చేవి. వాటిలో ఒక సంగతి ఆమె కనిపెట్టింది. ఎర్ర గీతలన్నీ మాటల మీదే ఉండేవి. పాత్రలు మాట్లాడేది ఆమె లావు అక్షరాల్లో కొడుతుంది, చేసేది మాత్రం సన్నగా, వాలుగా కొడుతుంది. ఆ సన్న లైన్ల జోలికి ఎర్ర పెన్ను ఒక్కసారీ వచ్చేది కాదు.

"మీ వాళ్లు సగమే చదువుతారండీ," అని ఒకసారి చూపించింది.

"మీరు నా పేజీల్ని మరీ అంత చూడకండి, సిగ్గేస్తుంది," అన్నాడు అతను. చూడమన్నట్టే ఉంది ఆ మాట.

అభిమానుల పేజీలో అప్పటికే రెండు పార్టీలు. దీపాలవాళ్లు, కథవాళ్లు. పదకొండేళ్ల క్రితం ఈ ఊళ్లోనే రోడ్డు కోసం కింది వీధిని ఖాళీ చేయించారు. ముందు కరెంటు పీకేశారు, తెల్లారి ఇళ్లు కూలగొట్టారు. దాని మీద ఇప్పుడు కలెక్టరాఫీసులో విచారణ నడుస్తోంది. గాజుకప్పు అదే కథ అంటారు దీపాలవాళ్లు. గ్రహాల కథలోకి రాజకీయం లాక్కురాకండి, వారానికొక గంట మమ్మల్ని సుఖంగా ఉండనివ్వండి, అంటారు కథవాళ్లు. దీపాలవాళ్లు ఏ మాట ఎత్తుకోవాలన్నా ఏడో దీపం ఏం రాసిందా అని చూసేవాళ్లు.

పదమూడో ఎపిసోడ్‌లో దీపాల మనిషి, పిల్లలకి ప్రశ్నలడగడం నేర్పే పంతులమ్మ ఉండే సందుని చీకటి చేశాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆ సోమవారం ఇలా రాసింది: "పైవాళ్లకి కనీసం ఏదో లాభం ఉంది. వీడికేముంది? ఆర్పమన్నారు, ఆర్పాడు. అందరిలోకీ నీచుడు వీడే." కింద ఒక ఓటింగు పెట్టింది. ఆఖరి ఎపిసోడ్‌లో దీపాల మనిషిని ఏం చేయాలి? క్షమించాలా, శిక్షించాలా?

ఆ సాయంత్రం మేనత్త ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని పైకే చదివింది. "ఎవరో ఏడో దీపమట. కడిగి పారేసింది, విను అన్నయ్యా."

నాన్న అన్నం ముందు కూర్చుని విన్నాడు. "ఇంకోసారి చదువు."

మేనత్త ఇంకోసారి చదివింది.

"బాగా రాసింది," అని నాన్న చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. నాన్న మెచ్చుకున్నాడని ఆమె తనలో తను మురిసిపోయింది.

తరవాతి గురువారం రైటరు వచ్చాడు. గొడుగు ఉంది చేతిలో, తెరవలేదు. నీళ్లు కారుతున్న తలతో అలాగే నిలబడ్డాడు.

"కూర్చోండి," అంది ఆమె.

"ఆఖరి ఎపిసోడ్ మార్చమన్నారు. దీపాల శాఖకి ఏ పాపం తెలియదట. ఆర్డరే ఇవ్వలేదట. దీపాల మనిషే పగబట్టి, సొంతంగా ఆర్పేశాడట. శాఖవాళ్లు వాణ్ని పట్టుకుని చీకటి కొట్లో వేస్తారు, జనం చప్పట్లు కొడతారు. అయిపోయింది."

"మీరు రాయనని అనలేదా?"

"అన్నాను. ఓటింగు చూపించారు. తొమ్మిది వేల మంది శిక్షించమన్నారు, జనం అడిగిందే ఇస్తున్నాం కదా, అన్నారు." అతను తడిసిన చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లూ నేను ఒక్కదానికి భయపడ్డాను. ఎవరూ అర్థం చేసుకోరేమోనని. చివరికి అందరికన్నా బాగా అర్థం చేసుకున్న మనిషే వాళ్ల చేతికి తాడిచ్చింది."

ఆమెకి కీబోర్డు మీద అక్షరాలు కనపడటం మానేశాయి. చెప్పకుండా ఉండొచ్చు. ఎవరికీ తెలియదు.

"ఏడో దీపం నేనే," అంది.

అతను గొడుగు గోడకి ఆనించాడు.

"మాది కింది వీధే," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే ఆమెకి కష్టంగా ఉంది. "అప్పుడు నాకు పద్దెనిమిది. తెల్లారితే లెక్కల పరీక్ష. సాయంత్రం మా ఇంటి ముందు స్తంభం ఎక్కాడు లైన్‌మన్. కిటికీలోంచి అరిచాను, పరీక్షండీ, పాఠం అవనివ్వండి అని. స్తంభం మీద అలాగే ఉండిపోయాడు. గంటన్నర. కింద ఆఫీసరు తిడుతూనే ఉన్నాడు. నేను పుస్తకం మూశాక పీకాడు. అంత మంచివాడు ఎందుకు పీకాడు? పీకేవాడు ఎందుకు ఆగాడు? అది తేలక రాశానండీ ఈ కథంతా. మొహం కనపళ్లేదు. పాదాలే కనపడ్డాయి. ఎడమ కాలి బొటనవేలికి గోరు లేదు."

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"ఇప్పుడు నిజం విచారణలో కూడా శాఖవాళ్లు అదే చెప్తున్నారు. ఆర్డరే లేదు, లైన్‌మన్లు సొంతంగా పీకారు, అని. వచ్చే సోమవారంతో విచారణ మూసేస్తారట. నా చేత టీవీలో కూడా అదే చెప్పిస్తున్నారు." కాగితాలు కౌంటరు మీద పెట్టి గొడుగు తీసుకున్నాడు. "టైపు చేసి పెట్టండి. ఎల్లుండే షూటింగు, ఆదివారం వేసేస్తారు. రేపు వస్తాను."

ఆ రోజు పేము కుర్చీ ముందు చాచి ఉన్న పాదాల్ని ఆమె మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. పుట్టినప్పట్నించీ చూస్తున్న పాదాలే. ఎడమ బొటనవేలు బోసిగా, నున్నగా ఉంది. ఎప్పుడో తీగ తగిలి కాలిందని చెప్పేవాడు.

నాన్న పడుకోవడానికి వెళ్లాక ఆమె మేకు దగ్గరికి వెళ్లి, జేబులోంచి కవరు తీసి, కాగితం విప్పింది. నాలుగే లైన్లు. కింది వీధికి ఈ సాయంత్రమే సరఫరా మొత్తం తీసేయాలి. కారణం అడగరాదు. కింద తేదీ, సంతకం, గుండ్రటి ముద్ర. మడతల దగ్గర కాగితం నలిగి బట్టలా మెత్తబడింది. ఎన్నిసార్లు విప్పి చూసుకున్నాడో.

దాన్ని ఉన్నట్టే మడిచి పెట్టేసింది. నాన్నని నిద్ర లేపి, ఆ రాసింది నేనే నాన్నా, అని చెప్పాలనిపించింది. తలుపు దాకా వెళ్లింది. లోపల నాన్న మెలకువగానే దగ్గుతున్నాడు. వెనక్కి వచ్చి పేజీలో రెండు లైన్లు రాసింది: "నేను తప్పు రాశాను. ఆర్డరు ఇచ్చినవాణ్ని వదిలేసి నిచ్చెన ఎక్కినవాణ్ని తిట్టాను."

తెల్లారేసరికి నాలుగు వందల జవాబులు. ఏడో దీపం కూడా అమ్ముడుపోయింది, అని దీపాలవాళ్లు. ఇప్పటికైనా రాజకీయం మానండి మేడం, అని కథవాళ్లు. ఎంత ముట్టిందో, అని ఎవరో. మూడు నెలలు ఆమె మాట కోసం కాచుకున్నవాళ్లే.

శుక్రవారం రైటరు వచ్చాడు. స్టూలు మీద కూర్చోలేదు. ఆమె పేజీలు ముందుకు జరిపింది.

"మాటలు వాళ్లు చెప్పినట్టే ఉన్నాయి. ఒక్కటీ మార్చలేదు. మీరు ఒప్పుకుంటే రెండు సన్న లైన్లు కలుపుతాను."

"ఏం లైన్లు?"

"మొదటిది, అతను స్తంభం మీద కూర్చుంటాడు, ఎదురింటి పిల్ల పుస్తకం మూసేదాకా. రెండోది, కొట్లో వేసే ముందు జేబులోంచి మడత కాగితం తీస్తాడు. దాని మీద శాఖ ముద్ర ఉంటుంది. ఎవరికీ ఇవ్వడు. మళ్లీ జేబులో పెట్టుకుంటాడు."

అతను పేజీని కాకుండా ఆమెనే చూశాడు. "జేబులో కాగితం ఉంటుందని మీకెలా తట్టింది?"

"సోమవారం చెప్తాను. పొద్దున పదింటికి పునఃప్రసారం ఉంటుంది కదా, మా ఇంటికి రండి. మా నాన్నతో కలిసి చూద్దురుగాని."

"ఆదివారం సాయంత్రం రాకూడదా?"

"ముందు నాన్నకి చెప్పుకోవాలి నేను. ఆ ఒక్క రోజు ఇవ్వండి."

అతను పేజీలు చొక్కా లోపల పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "ఛానలువాళ్లు ఇంక రావద్దన్నారు నన్ను. ఈ ఎపిసోడే ఆఖరు. అంటే ఇక్కడికి రావడానికి పనేమీ ఉండదు." కాసేపు గొడుగు కొన వంక చూశాడు. "పని లేకుండా రావొచ్చా?"

"వాన తగ్గేదాకా కూర్చోవచ్చు," అంది ఆమె. "ఈ ఏడు తగ్గేలా లేదు."

అతను నవ్వబోయాడు, కానీ అది నవ్వు దాకా రాలేదు. "మొదటి రోజు అన్న మాట, ఏడో దీపం కనిపిస్తే అడుగుతానన్నది. కోపంలో కూడా అది వెనక్కి తీసుకోలేకపోయాను. చెప్పి పోదామని."

వెళ్లిపోయాడు. ఆమె ఆ రోజంతా ఒక్క పేజీ కూడా తప్పు లేకుండా కొట్టలేదు.

ఆదివారం గాలివాన. సరిగ్గా అయిదింటికి, టీవీ పెట్టగానే, వీధి మొత్తం కరెంటు పోయింది.

"లైన్‌మన్ ఇంట్లోనే కరెంటు లేదు. ఇంక ఎవరితో చెప్పుకోను," అని మేనత్త గొణిగి కొవ్వొత్తి వెతకడానికి వెళ్లింది. చీకట్లో నాన్న, కూతురు మిగిలారు.

"నాన్నా. ఆ ఏడో దీపం నేనే."

కుర్చీ కిర్రుమంది.

"కాగితం చూశావా?" అన్నాడు నాన్న.

"చూశాను. నన్ను..."

"మడత మారింది, అనుకున్నాను." కుర్చీ మళ్లీ కిర్రుమంది. "నువ్వు రాసిందాంట్లో తప్పేమీ లేదమ్మా. అప్పుడు నువ్వు చిన్నదానివి. ఇల్లు శాఖది. నోరెత్తితే రోడ్డున పడతామనుకున్నాను. రిటైరయ్యాక చెబుదామనుకున్నాను. రిటైరయ్యాను. చెప్పలేదు. ఎవరి మొహం చూసి చెప్పాలో తెలియలేదు."

"విచారణ రేపటితో ఆఖరట నాన్నా."

మేనత్త కొవ్వొత్తి తెచ్చేసరికి ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పక్కన ఖాకీ చొక్కా నీడ గోడ మీద మనిషంత పొడుగ్గా పడింది.

సోమవారం పొద్దునకి కరెంటు వచ్చింది. పది కావస్తుండగా రైటరు వచ్చాడు. చెప్పులు మెట్ల మీద విడిచాడు. చూరు నీళ్లు సరిగ్గా వాటి మీదే కారుతున్నాయి. లోపలికి వచ్చి నమస్కారం పెట్టి, తల వంచినప్పుడు, అతనికి పేము కుర్చీ ముందు పాదాలు కనపడ్డాయి.

వంగినవాడు కాసేపటిదాకా లేవలేదు.

తల ఎత్తాక అతను చూసింది నాన్నని కాదు, ఆమెని. ఆమె తల ఊపింది. అతను కుర్చీ పక్కన చాప మీద కూర్చున్నాడు.

"ఈ పిల్లాడెవరే?" అంది మేనత్త.

"ఈ సీరియల్ రాసేది ఈయనే అత్తా."

"అయితే హీరో జుట్టు నిజందా, విగ్గా?"

"విగ్గేనండి," అన్నాడు అతను. మేనత్త మొహం మాడిపోయింది.

ఎపిసోడ్ మొదలైంది. దీపాల మనిషి నిచ్చెన వేశాడు. ఈసారి నాన్న మంచినీళ్లకి లేవలేదు. ఎదురింటి కిటికీలో పిల్ల పుస్తకం చదువుతోంది. దీపాల మనిషి ఆర్పబోయి ఆగాడు. స్తంభం మీద కూర్చున్నాడు. మాటలు లేవు. కింద దీపాల శాఖ అధికారి అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"మరీ అంతసేపు కాదు," అన్నాడు నాన్న టీవీ వైపే చూస్తూ. "అరగంటే."

"గంటన్నరండీ," అన్నాడు రైటరు, తనూ టీవీ వైపే చూస్తూ. "నా బల్ల మీద గడియారం ఉంది."

మేనత్త ఇద్దరి వంకా చూసింది. మేనకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏం పరీక్ష అది?" అన్నాడు నాన్న.

"లెక్కలు."

"పాసయ్యావా?"

"పరీక్షకి వెళ్లలేదండి. పొద్దునే ఇల్లు పోయింది."

నాన్న పాదాలు నెమ్మదిగా కుర్చీ కిందికి జరిగాయి.

టీవీలో జనం చప్పట్లు కొడుతున్నారు. దీపాల మనిషిని లాక్కుపోతున్నారు. సొంతంగా ఆర్పాడు, మాకేం తెలియదు, అంటున్నాడు అధికారి. కొట్టు తలుపు ముందు దీపాల మనిషి జేబులో చెయ్యి పెట్టాడు. మడత కాగితం తీశాడు. గుండ్రటి ముద్ర తెర నిండా ఒక్క క్షణం నిలిచింది. తీసినవాడే మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలుపు పడింది. చీకటి. సబ్బు ప్రకటన వచ్చింది.

"ఇదేం ముగింపు," అంది మేనత్త. "కాగితం చేతిలో పెట్టుకుని చూపించడేం ఆ చచ్చినోడు?"

కూతురి ఫోను అదేపనిగా మోగుతోంది. ఆ కాగితం ఏంటి, దాని అర్థం ఏంటి, ఏడో దీపం చెప్పాలి, అని పేజీలో నిన్నటి నుంచీ అడుగుతున్నారు. ఆమె ఫోను బోర్లా పెట్టేసింది.

నాన్న లేచి లోపలి గదిలోకి వెళ్లాడు. మేకు చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు ఒంటి మీద ఖాకీ చొక్కా ఉంది. రెండేళ్లకి కాస్త వదులైంది. ఎడమ జేబు మీద ఒకసారి చెయ్యి వేసి తడుముకున్నాడు.

గుమ్మంలో ఆగి, వంగి, మెట్ల మీద తడుస్తున్న అబ్బాయి చెప్పుల్ని చేతుల్లోకి తీసుకున్నాడు. నీళ్లు వంపి, లోపల గోడవార, కూతురి చెప్పుల పక్కన పెట్టాడు.

తరవాత గొడుగు కూడా తీసుకోకుండా, వానలోకి దిగి కలెక్టరాఫీసు వైపు వెళ్లిపోయాడు.